నడుస్తున్న సర్వర్, రాసిపెట్టిన సర్వర్

లినక్స్ సర్వర్‌లో 'అప్‌టైమ్' అని కొడితే, ఆ యంత్రం ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో చెబుతుంది. ఆ అంకె ఐదారు వందలు దాటితే గొప్పగా చెప్పుకునే సిస్టమ్ అడ్మిన్లు ఉన్నారు. నాకు మాత్రం అంత పెద్ద అంకె కనిపిస్తే గుబులు పుడుతుంది. అన్నాళ్లలో ఆ యంత్రం మీద ఎన్ని అప్‌డేట్లు పడ్డాయి, ఎవరెవరు ఏయే సెట్టింగులు మార్చారు, వాటిలో ఎన్ని నిలబడతాయి అన్నది ఎవరూ పరీక్షించలేదన్నమాట. ఆ పరీక్ష జరిగేది రీబూట్ అయిన రోజున. కరెంటు పోయో, హార్డ్‌వేర్ పాడయ్యో ఆ రీబూట్ చెప్పాపెట్టకుండా వచ్చిపడితే, ఆరు నెలల కిందటి తప్పు ఆ రాత్రి బయటపడుతుంది. అందరూ ఆ రాత్రి ఏం జరిగిందా అని వెతుకుతారు. అక్కడ ఏమీ దొరకదు.

ఇన్‌స్టాల్ చేశాకో, అప్‌డేట్ వేశాకో సర్వర్ మొరాయిస్తే కారణాన్ని ఎలా పట్టుకోవాలన్నదే ఈ అధ్యాయం. మనం ఒక్కటే అనుకునే సర్వర్ నిజానికి రెండు. ఒకటి మెమరీలో నడుస్తున్నది: ప్రస్తుతం పనిచేస్తున్న కెర్నెల్, దాని మీద ప్రాణంతో ఉన్న ప్రాసెస్‌లు, అవి మొదలైనప్పుడు చదువుకున్న సెట్టింగులు. రెండోది డిస్కు మీద రాసిపెట్టినది: కొత్తగా వచ్చి కూర్చున్న ప్రోగ్రాములు, లైబ్రరీలు, ఈటీసీ డైరెక్టరీలోని కాన్ఫిగరేషన్ ఫైళ్లు. ఇన్‌స్టాల్ పూర్తయి మొదటిసారి బూట్ అయినప్పుడు ఈ రెండూ ఇంచుమించు ఒకటే. ఆ తర్వాత వేసే ప్రతి అప్‌డేటూ, కొట్టే ప్రతి కమాండూ వాటి మధ్య దూరం పెంచవచ్చు. కొట్టు యజమాని అప్పుల లెక్కలన్నీ నోటికే చెప్పేస్తూ పద్దుపుస్తకంలో రాయడం మానేస్తే, ఆయన కూర్చున్నన్నాళ్లూ వ్యాపారం సాఫీగానే సాగుతుంది. కొడుకు వచ్చి పుస్తకం తెరిచిన రోజున తేడా తెలుస్తుంది.

ఈ దూరం ఎలా పుడుతుందో తెలియాలంటే లినక్స్ ఫైళ్లను ఎలా దాస్తుందో కొంచెం చూడాలి. మనకు కనిపించే ఫైలు పేరు డైరెక్టరీలో ఉండే ఒక పద్దు మాత్రమే. అది ఐనోడ్ అనే రికార్డు నంబరును చూపిస్తుంది. సమాచారం డిస్కులో ఎక్కడుంది, యజమాని ఎవరు, పర్మిషన్లేమిటి అన్నదంతా ఐనోడ్‌లో ఉంటుంది. యునిక్స్ తొలినాళ్ల నుంచీ వస్తున్న ఏర్పాటు ఇది. అప్‌డేట్ వచ్చినప్పుడు ప్యాకేజీ మేనేజర్ పాత ఫైలు మీద తిరగరాయదు. కొత్త ఫైలును పక్కన రాసి, ఆఖరున పాతదాని పేరు దీనికి పెడుతుంది. ఆ క్షణం నుంచి ఆ పేరు కొత్త ఐనోడ్‌ను చూపిస్తుంది. మరి పాత ఐనోడ్? దాన్ని ఏ ప్రాసెస్ అయినా తెరిచి పట్టుకుని ఉంటే, ఆ ప్రాసెస్ వదిలేదాకా కెర్నెల్ దాన్ని చెరపదు. పేరు పోయినా ఫైలు బతికే ఉంటుంది.

నడుస్తున్న సర్వర్‌ను ఆపకుండా అప్‌డేట్ చేయగలగడం ఈ ఏర్పాటు పుణ్యమే. దీని రెండో ముఖం 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడినప్పుడు చాలామందికి తెలిసొచ్చింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో దోషం. ప్యాచ్ వచ్చింది, వేశారు, వెర్షన్ చూస్తే కొత్తదే. కానీ వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయకపోతే అది మెమరీలోని పాత లైబ్రరీతోనే నడుస్తుంది, రంధ్రం అలాగే ఉంటుంది. ఇలాంటివి పట్టుకోవడానికి 'ఎల్‌ఎస్‌ఓఎఫ్' అనే కమాండ్ ఉంది. ఏ ప్రాసెస్ ఏ ఫైళ్లను పట్టుకుందో అది వరసగా చూపిస్తుంది. పేరు పోయిన ఫైళ్ల పక్కన 'డిలీటెడ్' అని రాస్తుంది. ఉబుంటులో అప్‌డేట్ చివర ఏయే సర్వీసులు రీస్టార్ట్ చేయాలో తేల్చే 'నీడ్‌రీస్టార్ట్' చేసేదీ ఈ లెక్కే. డిస్కు నిండిపోయిందని పెద్ద లాగ్ ఫైలును తీసేసినా జాగా పెరగకపోవడానికి కారణం కూడా ఇదే: ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా పట్టుకుని రాస్తూనే ఉంది.

పాత ప్రాసెస్, కొత్త ఫైళ్లు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ప్రతిసారీ ప్రమాదం రాదు. ఆ పాత ప్రాసెస్ మధ్యలో డిస్కు మీది కొత్త ఫైలును పిలిచినప్పుడు వస్తుంది. 2024 జూలైలో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 విడుదలైనప్పుడు ఆర్చ్ లినక్స్ వాడేవాళ్లకు ప్రత్యేకంగా హెచ్చరిక వెలువడింది: అప్‌డేట్ వేసిన వెంటనే, దూరం నుంచి వచ్చే లాగిన్లు చూసే ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీస్టార్ట్ చేయండి, లేకపోతే కొత్త లాగిన్లు తీసుకోదు అని. అప్పటిదాకా ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రతి కొత్త కనెక్షన్‌కీ తనను తానే డిస్కు మీంచి మళ్లీ నడిపించుకునేది. 9.8లో ఆ ప్రోగ్రామును రెండుగా విడగొట్టారు: కనెక్షన్ కోసం కాచుకుని కూర్చునేది ఒకటి, వచ్చిన మనిషి సంగతి చూసేది ఇంకొకటి. మెమరీలో ఉన్నది పాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ. అది అలవాటుగా డిస్కు మీది తన పేరును పిలుస్తుంది. అక్కడున్న కొత్త ప్రోగ్రాముకు ఆ పాత పిలుపు అర్థం కాదు. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్ల సెషన్లు మాత్రం చక్కగా నడుస్తూ ఉంటాయి. ఆ నమ్మకంతో లాగౌట్ అయితే మళ్లీ లోపలికి వెళ్లే దారి లేదు.

కెర్నెల్ విషయంలో ఈ దూరం ఇంకా ఎక్కువ కాలం దాగి ఉంటుంది. నడుస్తున్న కెర్నెల్ వెర్షన్‌ను 'యూనేమ్ -ఆర్' చెబుతుంది. బూట్ డైరెక్టరీలో ఉన్నవి వచ్చేసారి నడవబోయేవి. ప్రతి కెర్నెల్‌తో పాటు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైల్‌సిస్టమ్ మూట కూడా తయారవుతుంది. అసలు డిస్కును గుర్తుపట్టి తెరవడానికి కావలసిన డ్రైవర్లు అందులో ఉంటాయి. బూట్‌కు వేరే పార్టిషన్ ఇచ్చిన సర్వర్లలో పాత కెర్నెల్‌లు పేరుకుపోయి జాగా నిండుతుంది. అప్పుడు వచ్చిన అప్‌డేట్ ఆ మూట కట్టడం మధ్యలో ఆపేస్తుంది. స్క్రీన్ మీద వందల పంక్తుల మధ్య 'డివైస్‌లో జాగా లేదు' అని ఒక్క పంక్తి వచ్చి పైకి పోతుంది. సర్వర్‌కు ఏమీ కాదు, ఎందుకంటే నడుస్తున్నది పాత కెర్నెల్. నెలల తర్వాత రీబూట్ అయితే, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నానంటూ కెర్నెల్ ప్యానిక్. కొత్త కెర్నెల్ లేచింది, దాని చేతికి మూట అందలేదు, డిస్కు కళ్లెదుట ఉన్నా చదివే డ్రైవర్ లేదు. ఇక్కడ మనల్ని కాపాడేది బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూ. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ముందటి కెర్నెల్‌ను ఎంచుకుంటే సర్వర్ లేస్తుంది. తర్వాత పాతవి తీసేసి, మూట మళ్లీ కట్టించాలి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో మామూలుగా మూడు కెర్నెల్‌లకు మించి ఉంచకుండా పాతది తీసేసే ఏర్పాటు ముందే ఉంటుంది. ఆ అంకెను ఒకటికి తగ్గించి జాగా మిగుల్చుకుందామనుకునేవాళ్లకు నేను గట్టిగా వద్దంటాను.

ఇంతవరకూ అప్‌డేట్లు చేసే పని. మనుషులు చేసేది ఇంతకంటే ఎక్కువ. లినక్స్‌లో చాలా మార్పులకు రెండు దారులున్నాయి. 'ఐపీ' కమాండ్‌తో నెట్‌వర్క్ కార్డుకు అడ్రస్ ఇస్తే అది మెమరీలోనే ఉంటుంది. నెట్‌ప్లాన్ ఫైలులోనో, నెట్‌వర్క్‌మేనేజర్‌లోనో రాస్తేనే డిస్కుకు ఎక్కుతుంది. 'సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్' సర్వీసును ఇప్పుడు లేపుతుంది. 'ఎనేబుల్' వచ్చే బూట్‌లో లేవమని డిస్కు మీద ఒక లింకు పెడుతుంది. రెండూ వేర్వేరు పనులు. కొత్తగా నేర్చుకునేవాళ్లు స్టార్ట్ చేసి, పనిచేసిందని సంతోషించి, ఎనేబుల్ మరిచిపోతారు. వెబ్‌సైటు పర్మిషన్ ఎర్రర్ ఇస్తుంటే ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా కాపలాను 'సెట్‌ఎన్‌ఫోర్స్' కమాండ్‌తో కాసేపు సడలిస్తారు. సైటు తెరుచుకుంటుంది, పని అయిపోయిందనుకుంటారు. రీబూట్ అయితే ఎస్‌ఈలినక్స్ మళ్లీ బిగుస్తుంది. అసలు రోగం ఏమిటంటే, హోమ్ డైరెక్టరీ నుంచి తరలించిన ఫైళ్లు అక్కడి ముద్రను వెంట తెచ్చుకున్నాయి. 'రెస్టోర్‌కాన్' కొట్టి ఉంటే అవి కొత్త చోటికి తగిన ముద్ర వేసుకునేవి, ఆ మార్పు డిస్కు మీదే నిలిచేది.

వీటన్నిటిలో నిలువునా ముంచేది ఎఫ్‌స్టాబ్ ఫైలు. ఏ డిస్కును ఏ డైరెక్టరీకి తగిలించాలో చెప్పే చిన్న పట్టిక అది. బ్యాకప్ కోసం ఒక డిస్కు తగిలించి, పట్టికలో ఒక పంక్తి రాశారనుకుందాం. కొన్నాళ్లకు ఆ డిస్కును తీసేశారు, పంక్తి మిగిలిపోయింది. సర్వర్‌కు ఆ ఫైలుతో రోజూ పని లేదు కాబట్టి గొడవ లేదు. రీబూట్ అవగానే, బూట్‌ను నడిపించే సిస్టమ్‌డీ ఆ పంక్తి చదివి, అందులో రాసిన యూయూఐడీ అనే గుర్తింపు గల డిస్కు కోసం ఎదురుచూడడం మొదలుపెడుతుంది. కన్సోల్ మీద ఒక ఎర్ర చుక్కల వరస అటూ ఇటూ కదులుతుంటుంది, పక్కన సెకన్లు లెక్కపెడుతుంటుంది. మామూలు గడువు 90 సెకన్లు. అది దాటితే, లోకల్ ఫైల్‌సిస్టములు సిద్ధం కాలేదని తీర్మానించి ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగిపోతుంది. అక్కడ నెట్‌వర్క్ లేదు, ఎస్‌ఎస్‌హెచ్ లేదు. హైదరాబాదులో కూర్చుని అమెరికా డేటా సెంటర్‌లోని యంత్రాన్ని చూసేవాళ్లకు అది చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. రిమోట్ కన్సోల్ దొరికినా, ఉబుంటులో మామూలుగా రూట్ అకౌంట్‌కు తాళం వేసి ఉంటుంది కాబట్టి, కన్సోల్ తెరవలేనని ఒక సందేశం చూపించి ఊరుకుంటుంది. గ్రబ్‌లో కెర్నెల్ పంక్తిని సవరించో, ఇన్‌స్టాల్ డిస్కుతో బూట్ చేసో లోపలికి వెళ్లి ఆ ఒక్క పంక్తి తీసేయాలి. ముందే ఆ పంక్తిలో 'నోఫెయిల్' అని ఒక్క మాట రాసి ఉంటే, డిస్కు లేకపోయినా సర్వర్ లేచేది. రాశాక 'ఫైండ్‌ఎంఎన్‌టీ' కమాండ్‌తో పట్టికను సరిచూసుకునే వీలు కూడా ఉంది. దానికి క్షణం పట్టదు.

ఇప్పుడు వెతికే పద్ధతికి వద్దాం. పెద్ద చిక్కుల్లో నేను మొదట అడిగే ప్రశ్న: రీబూట్ ఈ జబ్బును తెచ్చిందా, పోగొట్టిందా? రీబూట్ తర్వాతే మొదలైతే తప్పు రాసిపెట్టిన సర్వర్‌లో ఉందన్న అనుమానం బలపడుతుంది: ఫైళ్లు చూడాలి, ఎప్పుడు మారాయో చూడాలి, చివరి రీబూట్ నుంచి ఇప్పటిదాకా పడ్డ మార్పులన్నీ అనుమానితులే. రీబూట్‌తో పోతే తప్పు మెమరీలో ఉండి ఉంటుంది. డిస్కును ఎంత తిరగేసినా కనిపించకపోవచ్చు.

రెండో రకానికి నేను చూసినంతలో గొప్ప ఉదాహరణ 2012లో జరిగింది. ఆ ఏడాది జూన్ 30 అర్ధరాత్రి ప్రపంచ గడియారాలకు ఒక లీప్ సెకను కలిపారు. మన దేశంలో అప్పుడు జూలై 1 ఆదివారం తెల్లవారుజాము, అయిదున్నర కాబోతోంది. ఆ క్షణాన ఎన్నో లినక్స్ సర్వర్లలో సీపీయూ ఒక్కసారిగా నూరు శాతానికి లేచింది. రెడ్డిట్, మొజిల్లా సేవలకు ఇబ్బంది కలిగింది. జావా ప్రోగ్రాములు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసులు పిచ్చెత్తినట్టు తిరిగాయి. ఎవరూ ఏ అప్‌డేటూ వేయలేదు, ఏ ఫైలూ మార్చలేదు. జరిగిందేమిటంటే, కెర్నెల్ గడియారాన్ని ఒక సెకను వెనక్కి జరిపింది గానీ, సూక్ష్మ టైమర్లను చూసే తన విభాగానికి ఆ సంగతి చెప్పలేదు. టైమర్లు ఒక సెకను ముందుండిపోయాయి. అర సెకను ఆగి లేపమని అడిగిన ప్రోగ్రాముకు ఆ గడువు అప్పటికే దాటిపోయిందనిపించి, కెర్నెల్ వెంటనే లేపేసింది. అది మళ్లీ అడిగింది, మళ్లీ లేపింది. దీనికి మందు 'డేట్' కమాండ్‌తో ఇప్పటి సమయాన్నే మళ్లీ సెట్ చేయడం. అలా చేయగానే గడియారం మారిందన్న కబురు టైమర్లకు అందింది, సీపీయూ దిగింది. రీబూట్ చేసినవాళ్లకూ తగ్గింది. తప్పంతా మెమరీలోనే ఉంది మరి.

అన్ని సంఘటనలూ ఇంత శుభ్రంగా ఒక పక్కకు ఒదగవు. 2023 మార్చి 8న సర్వర్ల పర్యవేక్షణ సేవలందించే డేటాడాగ్ సంస్థలో జరిగినది రెండు సర్వర్ల మధ్య సరిహద్దులో పుట్టిన ప్రమాదం. ఆ సంస్థ దాని కారణాలను తర్వాత బహిరంగంగా, వివరంగా రాసింది. ఈ వృత్తిలో ఉన్న ప్రతి ఒక్కరూ దాని నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. మన కాలమానంలో ఉదయం 11:30 దాటగానే, వాళ్ల ఉబుంటు 22.04 యంత్రాల మీద సిస్టమ్‌డీ భద్రతా అప్‌డేట్ దానంతటదే పడింది. అప్‌డేట్‌లో దోషం లేదు. కానీ దాని వల్ల సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ అనే నెట్‌వర్క్ సర్వీసు రీస్టార్ట్ అయింది. ఆ వెర్షన్ నెట్‌వర్క్‌డీకి ఒక అలవాటు ఉంది: మొదలవగానే కెర్నెల్ మెమరీలో ఉన్న రూటింగ్ నియమాలను చూసి, తన ఫైళ్లలో లేనివాటిని తీసిపారేస్తుంది. కంటెయినర్ల మధ్య రాకపోకలు నడిపే సీలియమ్ అనే ప్రోగ్రాము పెట్టుకున్న నియమాలు మెమరీలోనే ఉన్నాయి. నెట్‌వర్క్‌డీకి అవి పరాయివి. తుడిచేసింది. మూడు క్లౌడ్ సంస్థల్లో విస్తరించిన వేలాది యంత్రాలు దాదాపు ఒకేసారి నెట్‌వర్క్ నుంచి జారిపోయాయి. పూర్తిగా కోలుకోవడానికి ఒక రోజుకు పైగా పట్టింది.

ఇంత పెద్ద లోపం పరీక్షల్లో ఎందుకు దొరకలేదు? మామూలు బూట్‌లో నెట్‌వర్క్‌డీ ముందు లేస్తుంది, సీలియమ్ తర్వాత లేస్తుంది. నెట్‌వర్క్‌డీ చూసేసరికి తుడవడానికి అక్కడ ఏమీ ఉండదు. ఎన్ని యంత్రాలను కొత్తగా లేపి పరీక్షించినా ఈ తప్పు కనబడదు. మిగతా అంతా నడుస్తుండగా నెట్‌వర్క్‌డీ ఒక్కటే రీస్టార్ట్ అయితేనే కనబడుతుంది. రీబూట్ చేస్తే మళ్లీ మాయం. ఆ తర్వాత వాళ్లు చేసిన మార్పుల్లో ముఖ్యమైనవి రెండు: రీస్టార్ట్‌లో పరాయి నియమాల జోలికి పోవద్దని నెట్‌వర్క్‌డీ ఫైలులో రాసిపెట్టారు, అన్ని యంత్రాల మీదా ఒకే గంటలో పడే ఆ ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపేశారు. ఆటోమేటిక్ భద్రతా అప్‌డేట్లు చెడ్డవని దీనర్థం అనుకోను. చిన్న సంస్థలో ఒక్క అడ్మిన్ ఉన్నచోట అవి లేకపోవడమే పెద్ద ప్రమాదం. అన్ని సర్వర్ల మీదా ఒకే ఘడియలో పడనివ్వకూడదు, అంతే.

సిస్టమ్‌డీ కొన్నిచోట్ల ఈ దూరాన్ని మనకు నేరుగా చూపిస్తుంది. యూనిట్ ఫైలును సవరించి, చెప్పడం మరిచిపోయి రీస్టార్ట్ చేయబోతే, ఫైలు డిస్కు మీద మారిందని, 'డీమన్-రీలోడ్' కొట్టమని హెచ్చరిస్తుంది. 'సిస్టమ్‌సీటీఎల్ క్యాట్' ఫైలులో రాసి ఉన్నది చూపిస్తే, 'సిస్టమ్‌సీటీఎల్ షో' మెమరీలోకి ఎక్కినది చూపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. లాగ్‌లకూ ఇదే వర్తిస్తుంది. రీబూట్‌కు ముందు ఏం జరిగిందో 'జర్నల్‌సీటీఎల్ -బీ -1' చూపించాలి. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో వార్ లాగ్ కింద 'జర్నల్' డైరెక్టరీ లేకపోతే లాగ్‌లన్నీ మెమరీలోనే ఉండి రీబూట్‌తో పోతాయి. ఆధారం కావలసిన రోజునే అది ఉండదు. అందుకే కొత్త సర్వర్ ఇన్‌స్టాల్ చేసిన మొదటి గంటలోనే ఆ డైరెక్టరీ ఉందో లేదో చూడమని నా కింద పనిచేసేవాళ్లకు చెబుతాను.

దూరంగా ఉన్న సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌డీ సెట్టింగులో, నెట్‌వర్కో మార్చేటప్పుడు ఈ రెండు సర్వర్ల సంగతిని మనకు అనుకూలంగా తిప్పుకోవచ్చు. ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీస్టార్ట్ చేసినా మామూలుగా ఇప్పటికే తెరిచి ఉన్న సెషన్ తెగదు, ఎందుకంటే దానికి వేరే ప్రాసెస్ ఉంటుంది. కాబట్టి ఆ కిటికీని మూయకుండా, రెండో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూడాలి. లాగిన్ కాలేకపోతే మొదటిదాంట్లోంచే సరిచేసుకోవచ్చు. 'ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ' కాన్ఫిగరేషన్ ఫైలులో రాత దోషాలుంటే రీస్టార్ట్‌కు ముందే చెబుతుంది. 'నెట్‌ప్లాన్ ట్రై' ఇంకా నయం: కొత్త సెట్టింగును అమలు చేసి 120 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆలోగా మనం ఎంటర్ కొట్టకపోతే, అంటే మన కనెక్షనే తెగిపోతే, పాతదానికి తిరిగి వెళ్లిపోతుంది. ఈ ఒక్క కమాండ్ ఎన్ని అర్ధరాత్రి ప్రయాణాలను తప్పించిందో ఈ పని చేసేవాళ్లకు తెలుసు.

పెద్ద మార్పు తర్వాత, అందరూ మెలకువగా ఉన్న వేళ, మనంతట మనమే ఒకసారి రీబూట్ చేయడం అన్నిటికంటే చవకైన పరీక్ష. అప్‌డేట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేస్తే ఇంకా మంచిది. ముందు చేసినది పాత తప్పులను బయటపెడుతుంది కాబట్టి, తర్వాత కనిపించినవాటికి అనుమానితుల జాబితా ఆ అప్‌డేట్ దాకా కుదించుకుపోతుంది.

ఈ దూరాన్ని మూలం నుంచే తగ్గించాలని కొందరు వేరే దారి పట్టారు. యూట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఎల్కో డోల్‌స్ట్రా 2006లో సమర్పించిన డాక్టరేట్ పరిశోధన నుంచి ఎదిగినదే నిక్స్‌ఓఎస్. అందులో దాదాపు సర్వర్ మొత్తాన్నీ ఒక వివరణ ఫైలు నుంచి తయారు చేస్తారు. ప్రతి మార్పూ ఒక కొత్త తరం అవుతుంది, పాత తరాలు బూట్ మెనూలో మిగిలే ఉంటాయి. ఫెడోరా కోర్‌ఓఎస్‌లో ప్రోగ్రాములుండే భాగాన్ని మామూలుగా తాకనివ్వరు. అప్‌డేట్ పక్కన సిద్ధమవుతుంది, రీబూట్‌తోనే అమల్లోకి వస్తుంది. ఇటు కెర్నెల్ 4.0తో 2015లో వచ్చిన లైవ్ ప్యాచింగ్ దీనికి పూర్తిగా ఎదురు దారి: ఆపకూడని యంత్రాల కోసం, నడుస్తున్న కెర్నెల్‌నే మెమరీలో సవరించడం. అలా ప్యాచ్ వేసిన యంత్రంలో 'యూనేమ్' పాత వెర్షన్‌నే చెబుతుంది. భద్రతా తనిఖీకి వచ్చినవాళ్లు ఆ అంకె చూసి ప్యాచ్ పడలేదని రాసుకుపోతారు. ఏ సవరణలు మెమరీలో ఉన్నాయో లైవ్ ప్యాచ్ సాధనాన్ని విడిగా అడగాలి.